బొగ్గు పొడి నిజంగానే పేలుతుందా? నేను కళ్ళారా చూసింది

"చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ సెక్షన్‌లో కొత్తగా చేరాను. బొగ్గు అంటుకోవడానికే అరగంట పడుతోంది. దాని పొడి పేలుతుందని సేఫ్టీ క్లాసులో చెప్పారు. నిజమా, ఊరికే భయపెడుతున్నారా?" అని అడిగావు తమ్ముడూ.

నిజమే. నేను తిరుపతి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పదిహేడేళ్ళుగా బాయిలర్ల దగ్గరే పని చేస్తున్నాను.

మన వైపు భారతం తిరునాళ్ళలో వీధి నాటకం చూసే ఉంటావు. రాక్షస వేషం వచ్చేటప్పుడు కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లుతారు, భగ్గుమని మంట మనిషెత్తు లేస్తుంది. అదే గుగ్గిలం గడ్డని నిప్పుల మీద వేస్తే మెల్లగా పొగ వస్తుంది, అంతే. బొగ్గూ అంతే. అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఉండే బొగ్గు ముక్కకి ఆరు ముఖాలూ కలిపి గాలి తగిలే వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 0.1 మిల్లీమీటరు ముక్కలుగా నలిపితే పది లక్షల ముక్కలై, ఆ వైశాల్యం మొత్తం 600 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఇక మండటానికి అరగంట ఎందుకు పడుతుంది?

నేను చూసింది క్రషర్ షెడ్‌లో, అంటే బొగ్గు నలిపే చోట. మరుసటి రోజు ఆడిట్ ఉందని అందరికీ టెన్షన్. పైన దూలాల మీద దుమ్ము కనబడకూడదని ఒక కుర్రాడిని నిచ్చెన ఎక్కించి, కంప్రెసర్ గాలితో ఊదమన్నారు. షెడ్ అవతలి మూల చ్యూట్ (బొగ్గు కిందికి జారే గొట్టం) ప్లేటుకి గ్యాస్ మంటతో కటింగ్ జరుగుతోంది. ఆపమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. నల్లటి మేఘం దిగుతుండగానే నారింజ రంగు మంట రేకుల కింద దొర్లుకుంటూ ఇటు చివర నుంచి అటు చివరికి పోయింది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. పై రేకులు రెండు లేచి పడ్డాయి. ఆ అబ్బాయి కనుబొమ్మలు కాలిపోయాయి, రెండు చేతులకీ తోలు ఊడింది. బతికాడు. షెడ్ రెండు వైపులా తెరిచి ఉండబట్టి గాలి ఒత్తిడి బయటికి పోయింది. నాలుగు గోడల మధ్య అయితే గోడలే పడిపోయేవి.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. గుట్టగా పోసిన బొగ్గు కంటే, ఎవరూ చూడని చోట పేరుకున్న పలుచని పొర ప్రమాదం. ఘనపు మీటరు గాలిలో దాదాపు 60 గ్రాముల సన్నపొడి కలిస్తే చాలు, మంట పాకుతుంది. నేల మీద ఒక మిల్లీమీటరు పొర ఉందనుకో, చదరపు మీటరుకి సుమారు అరకేజీ. అయిదు మీటర్ల ఎత్తు షెడ్‌లో అది మొత్తం లేచిందంటే ఘనపు మీటరుకి 100 గ్రాములు! మొదటి చిన్న మంట అదురుకి దూలాల మీది దుమ్ము రాలుతుంది, రెండో పేలుడు దానితో వస్తుంది. ప్రాణాలు ఎక్కువ పోయేది ఆ రెండోదానిలోనే. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో 1,099 మంది చనిపోయారు. మన దేశంలో 1965 మే 28న ధోరీ గనిలో 268 మంది. గనుల్లో సున్నపురాయి పొడి చల్లి పెట్టడం అందుకే: బొగ్గు పొడితో పాటు అదీ లేచి వేడిని పీల్చేస్తుంది.

కృష్ణపట్నం పోర్టు నుంచి లారీల్లో వచ్చే ఇండోనేషియా బొగ్గు అయితే ఇంకా జాగ్రత్త. బూడిద తక్కువ, త్వరగా ఆవిరయ్యే పదార్థం ఎక్కువ, ఊరికే నిల్వ ఉన్నా లోపల కాగుతుంది.

కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదమంటే ఒప్పుకోవద్దు. సన్నగా నీళ్ళు చిలకరించి మెత్తటి చీపురుతో తీయండి, కానీ ముందు కరెంటు ఆపించు. కేబుల్ ట్రేల పైన, లైట్ల మీద, మోటారు వెనకాల చూడు. వెల్డింగ్, కటింగ్ ఉంటే ముందు చుట్టూ శుభ్రం చేసి, తడిపాకే మొదలుపెట్టాలి. హాపర్‌లో (బొగ్గు నింపే గరాటు లాంటి పెద్ద తొట్టి) పొగ కనిపిస్తే మూత తెరిచి పైపుతో జోరుగా నీళ్ళు కొట్టొద్దు, లోపలి పొడి లేచి అక్కడే అంటుకుంటుంది.

మీ దగ్గర వాడేది ఏ బొగ్గు? క్రషర్ షెడ్ మూసి ఉందా, తెరిచి ఉందా? రాయి, చూసి చెబుతాను.