రోబోటిక్స్ ల్యాబ్ పెడతామని కంపెనీ వస్తే బడి ఒప్పుకోవాలా?

ఒక కంపెనీ మీ పిల్లల బడికి వచ్చి రోబోటిక్స్ ల్యాబ్ పెడతామంటోందని, ఏటా ప్రతి విద్యార్థి నుంచీ రుసుము అడుగుతోందని, తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలిగా ఏమి చెప్పాలో తెలియడం లేదని రాశారు. నేను 20 ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా బడిలో ఇలాంటి ల్యాబ్ పెట్టినప్పుడు ఆ బాధ్యత నా మీదే పడింది. అందుకే ముందుగా ఒక మాట చెబుతాను: కిట్లు ఎలాంటివో చూసేలోపే, వాటితో పిల్లలకు నేర్పే మనిషి ఎవరో, ఆ మనిషికి వారంలో ఎన్ని పీరియడ్లు ఇస్తారో తేల్చుకోండి.

మాకు 30 కిట్లు వచ్చాయి. డెమో రోజున చిన్న బండి ఒకటి గోడ దాకా వెళ్లి, దానంతట అదే ఆగి పక్కకు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత కంపెనీ వాళ్లు ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి వెళ్లిపోయారు. సిలబస్ పూర్తి చేసే ఒత్తిడిలో ఆ అల్మారా తెరిచిన రోజులు చాలా తక్కువ. బ్యాటరీలు తీయకుండా వదిలేయడంతో అవి కారిపోయి, లోపలి స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంది. రెండో ఏడాది కంపెనీ యాప్ లైసెన్సు గడువు ముగిసింది. కిట్లలో ప్రోగ్రామును నడిపే చిన్న సర్క్యూట్ బోర్డులు ఆ యాప్‌తో తప్ప మరి దేనితోనూ పనిచేయవు. బోర్డూ మోటారూ బాగానే ఉన్నా, వాటిని కదిలించే దారి లేకుండా పోయింది. పిల్లలు చూస్తుండగా ఆ అల్మారాకు తాళం వేయడం నన్ను చాలా బాధపెట్టింది.

ఆ తర్వాత మేము మరో దారి పట్టాం. ఇటలీలో 2005లో మొదలైన ఆర్డుయినో కూడా అలాంటి సర్క్యూట్ బోర్డే, కానీ దాని నమూనా అందరికీ తెరిచి ఉంటుంది. ఆ నమూనాతో ఎవరు తయారుచేసిన బోర్డయినా అదే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. అలాంటి బోర్డులు ఆరు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్లు ఆరు తెచ్చుకున్నాం. ఈ సెన్సార్ ముందువైపు రెండు గుండ్రటి కళ్లలా ఉంటాయి. ఒకటి మన చెవికి అందని శబ్దాన్ని పంపితే, రెండోది ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఆ శబ్దం వెళ్లి రావడానికి పట్టిన కాలం మైక్రోసెకండ్లలో, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో, తెలుస్తుంది. దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుందని పాత కిట్టు పుస్తకంలో ఉంది. మొదటి ఏడాది అందరం అలాగే భాగించాం. 58తోనే ఎందుకని పిల్లలు అడగలేదు, నేను చెప్పలేదు.

ఈసారి ఒక అమ్మాయి అడిగింది: “టీచర్, ఈ 58 ఎక్కడిది?”

నల్లబల్ల మీద లెక్క వేశాం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక సెంటీమీటరుకు దాదాపు 29 మైక్రోసెకండ్లు. వెళ్లాలి, తిరిగి రావాలి కనుక 58. తర్వాత గోడ నుంచి స్కేలుతో సరిగ్గా ఒక మీటరు కొలిచి సెన్సార్ పెడితే 98 సెంటీమీటర్లు చూపించింది. సెన్సార్ పాడైందన్నారు పిల్లలు. మరొకటి పెట్టాం, అదీ 98 దగ్గరే ఆగింది. అప్పుడు ఒకడు గది థర్మామీటరు చూశాడు: 35 డిగ్రీలు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ప్రతిధ్వని త్వరగా వచ్చేస్తే గోడ దగ్గరగా ఉందని సెన్సార్ అనుకుంటుంది. కొన్ని నెలల తర్వాత 15 డిగ్రీల చల్లటి ఉదయాన అదే మీటరు 101 చూపించింది. పిల్లలే ప్రోగ్రాములో ఉష్ణోగ్రతను చేర్చారు. ఆ పూట గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇన్నేళ్లలో నాకు అంత తృప్తినిచ్చిన పాఠాలు ఎన్నో లేవు.

సెన్సార్ పాత కిట్టులోనూ ఇదే. “ఎందుకు” అని అడిగి, ఆగి ఆలోచించే సమయం మాత్రం అప్పుడు లేదు.

భయం ఉన్నచోట ఈ వ్యాపారం బాగా సాగుతుంది. సోవియట్ యూనియన్ 1957లో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను పంపితే, వెనకబడిపోతామన్న భయంతో మరుసటి ఏడాదే అమెరికా సైన్సు, గణితం చదువులకు నిధులిచ్చే చట్టం చేసింది. ఇప్పుడు ఆ భయం తల్లిదండ్రులది: కోడింగ్ రాకపోతే మా వాడు వెనకబడిపోతాడేమో అని. దయచేసి ఆ భయంతో సంతకం పెట్టకండి. బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు రాసే స్క్రాచ్ 2007 నుంచీ ఉచితం. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ ప్రయోగాలు, అంటే కంప్యూటర్ తెర మీద చేసే సైన్సు ప్రయోగాలు, కూడా ఉచితమే. కంపెనీ అమ్మే పాఠాల్లో ఇలాంటి వాటి మీద ఆధారపడినవి ఎన్ని, వాళ్లు సొంతంగా చేర్చింది ఏమిటి అని నేరుగా అడగండి.

అన్ని కంపెనీలూ ఒకటే అనను. పాడైన భాగాలు మార్చి, వారం వారం వచ్చి ఉపాధ్యాయుల పక్కన కూర్చునేవాళ్లు దొరికితే ఆ డబ్బుకు విలువ ఉంటుంది. ఒప్పందం ముగిశాక కిట్లు ఎవరివి, వాళ్ల యాప్ లేకుండా పనిచేస్తాయా అన్నది మాత్రం కాగితం మీద రాయించుకోండి.

డెమో రోజున మరో పని చేయండి. బండి గోడ వైపు వస్తున్నప్పుడు ఒక పిల్లవాడిని గోడకు బదులు మందపాటి మెత్తని దుప్పటి అడ్డంగా పట్టుకోమనండి. మెత్తని గుడ్డ శబ్దాన్ని పీల్చుకుంటుంది కనుక బండి ఆగకపోవచ్చు. అప్పుడు ఆ ప్రతినిధి “అది తీసెయ్ బాబూ” అంటారో, “ఎందుకు ఆగలేదో చూద్దాం, అందరూ ఇలా రండి” అంటారో గమనించండి. రెండో మాట వినిపిస్తే, ఇక రుసుము గురించి కూర్చుని మాట్లాడవచ్చు.