నాలుగేళ్ల జీతం మీద ఇరవై ఏళ్ల వాయిదాలు వద్దు

పలాస నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు, భర్త తాపీ మేస్త్రి. ఇద్దరికీ కలిపి నెలకు 24 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 18 వేలు. బ్యాంకులో లక్షా 60 వేలు ఉంది. కొడుకు పదో తరగతితో నేవీలో అగ్నివీర్ ఎంఆర్‌గా (మెట్రిక్ రిక్రూట్, అంటే పదో తరగతి అర్హతతో తీసుకునే నావికుడు) చేరాడు. ఒడిశాలోని నేవీ శిక్షణ కేంద్రం చిల్కాలో శిక్షణ అయిపోయింది, చెఫ్ ట్రేడు వచ్చింది, ఇప్పుడు వంట శిక్షణకు ముంబై వెళ్తున్నాడు. కూతురు ఇంటర్ రెండో ఏడు. "బాబుకి నెలనెలా ఎంత పంపాలి? వాడి జీతం చూసుకుని నెలకు 12 వేల వాయిదాతో ఏడేళ్ల స్కీములో ప్లాటు తీసుకోమని మా మరిది అంటున్నాడు. ఏడాదికి 60 వేలు కట్టే ఇరవై ఏళ్ల పాలసీ చేయించమని ఏజెంటు తిరుగుతున్నాడు. ఊళ్లో కొందరు వంటోడి ఉద్యోగమేగా అంటున్నారు" అని రాశారు.

అమ్మా, ముందు ఆ చివరి మాటకు జవాబు చెబుతాను. ఐఎన్‌ఎస్ విక్రాంత్ లాంటి నౌకలో సుమారు 1,600 మంది ఉంటారు. నడిసముద్రంలో బయట తినే దారి లేదు, వాళ్ల కడుపు నింపేది మీవాడి లాంటి పిల్లలే. చెఫ్ అంటే వండటం ఒక్కటే కాదు, రేషన్ లెక్కలు రాయడం కూడా ఆ ఉద్యోగంలో భాగం. వందల మందికి సరుకు అంచనా వేసి, లెక్క తప్పకుండా వండటం వచ్చినవాడికి బయట కూడా పని దొరుకుతుంది. పలాసలో రైలెక్కి చిల్కా దగ్గరి బాలుగావ్‌లో దిగి, తెల్ల యూనిఫాంలో కొడుకుని చూసి ఏడ్చానని రాశారు. ఆ రోజు ఎంత గర్వపడ్డారో అంతే గర్వంగా ఉండండి.

ఇక డబ్బు. మీరు పంపాల్సింది ఏమీ లేదు. తిండి, బస, యూనిఫాం నేవీవే. చేరిన నాటి నుంచే, అంటే శిక్షణలో కూడా, జీతం వస్తుంది. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు సేవానిధికి (నాలుగేళ్ల చివర ఒకేసారి ఇచ్చే పొదుపు నిధి) పోయి 21 వేలు చేతికొస్తాయి. రెండో ఏడాది 23,100, మూడో ఏడాది 25,550, నాలుగో ఏడాది 28 వేలు. మీ దగ్గరున్న లక్షా 60 వేల నుంచి అతనికి ఒక్క రూపాయి పంపకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే లక్షా 8 వేలు ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి. మేస్త్రి పనిలో వానాకాలం ఎలా గడుస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. మిగిలిన 52 వేలు పాప చదువుకు.

అసలు టెన్షన్ ప్లాటు దగ్గర ఉంది. మీ మరిది మనసులో చెడు లేదు. ఆయన చూసిన నేవీ ఉద్యోగం వేరు. పాత పద్ధతిలో చేరిన నావికులు 15 ఏళ్లు చేసి పెన్షన్‌తో ఇంటికొచ్చారు. ఉత్తరాంధ్రలో ప్రతి ఊళ్లో అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లను చూసే అందరూ లెక్కలేసుకుంటారు. 2022 జూన్‌లో అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక లెక్క మారింది. ఇది నాలుగేళ్ల ఉద్యోగం. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు. బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే తర్వాత రెగ్యులర్‌గా తీసుకుంటారు.

కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. ప్లాటుకు 12 వేలు, పాలసీకి నెలకు 5 వేలు. 21 వేలలో మిగిలేది 4 వేలు. దాంతోనే బాబు సబ్బు, ఫోను, రైలు చార్జీలు అన్నీ చూసుకోవాలి. సరే, నాలుగేళ్లు ఎలాగో లాగించారనుకుందాం. అయిదో ఏడాది జనవరిలో ఆ వాయిదా ఎవరు కడతారు? మేస్త్రి కూలి నుంచి, జీడిపప్పు ఒలిచిన డబ్బు నుంచి మీరే కట్టాలి. కట్టలేక మధ్యలో వదిలేసిన ప్లాట్ల కాగితాలు నా బల్ల మీద చాలా చూశాను. పాలసీ కూడా అంతే. ఇరవై ఏళ్లది నాలుగేళ్లకు ఆపితే కట్టిన రెండు లక్షల 40 వేలలో కొంతే వెనక్కి వస్తుంది.

ఏజెంటు "టాక్స్ మిగులుతుంది" అని ఉంటాడు. ఈ జీతానికి కట్టాల్సిన పన్నే లేదు. సేవానిధి సొమ్ముకు కూడా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. బీమా సంగతంటారా, సర్వీసులో ఉన్నన్నాళ్లు ప్రీమియం కట్టకుండానే 48 లక్షల కవరేజీ ఉంది. నామినీగా మీ పేరు సరిగ్గా ఉందో లేదో, ఆధార్‌లో, బ్యాంకులో స్పెల్లింగ్ ఒకటేనో కాదో బాబుని అడిగి తెలుసుకోండి. నాలుగేళ్ల తర్వాత మీరు అతని మీద ఆధారపడే పరిస్థితి ఉంటే అప్పుడు తక్కువ ప్రీమియం టర్మ్ పాలసీ తీసుకోవచ్చు.

ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం. సేవానిధిలో నాలుగేళ్లలో బాబు వాటా 5 లక్షల 2 వేలు. ప్రభుత్వం అంతే వేస్తుంది. రెండూ కలిపి 10 లక్షల 4 వేలు, దానిపై వడ్డీ. అందరూ ఈ అంకెనే చెబుతారు. కానీ బాబు రెగ్యులర్‌కు ఎంపికైతే చేతికొచ్చేది తన వాటా, దాని వడ్డీ మాత్రమే. తనంతట తాను మధ్యలో మానేసినా అంతే. అంటే ఉద్యోగం నిలబడితే 5 లక్షల పైచిలుకు, బయటికొస్తే 10 లక్షల పైచిలుకు. ఏది జరుగుతుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అందుకే "నాలుగేళ్లకు పది లక్షలొస్తాయి" అని పాప పెళ్లి సంబంధం దగ్గర గానీ, అప్పిచ్చేవాళ్ల దగ్గర గానీ మాట ఇవ్వకండి. ఆ డబ్బు బాబుది. బయటికొస్తే అతనికి అదొక్కటే పెట్టుబడి.

దాని పక్కన ఇంకో మూట తయారు కావాలి. మొదటి ఏడాది నెలకు 10 వేలు, తర్వాత ఏటా ఒక్కో వెయ్యి పెంచుకుంటూ బ్యాంకు ఆర్‌డీ కట్టమనండి. నాలుగేళ్లకు వడ్డీ కాకుండా అసలే 5 లక్షల 52 వేలు అవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మూడేళ్లు దాటాక ముందే మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. కాబట్టి బ్యాంకులో ఏడాదిది వేసి, అయిపోగానే ఎఫ్‌డీ చేసుకోవడం మేలు. మిగిలిన దాంట్లో నెలకు 4 వేలు చెల్లి చదువుకు పంపితే చాలు. ఖాతా అతని పేరునే ఉండాలి, ఏటీఎం కార్డు అతని దగ్గరే ఉండాలి. పద్దెనిమిదేళ్ల పిల్లాడు డబ్బు దాచడం నేర్చుకోవాలంటే చేతిలో డబ్బుండాలి కదా.

సర్వీసులో ఉండగానే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) ద్వారా ఇంటర్ సమానమైన సర్టిఫికెట్ పూర్తి చేయమని చెప్పండి, ఇది నా మాటగా గట్టిగా చెప్పండి. బయటికొచ్చాక సరుకు రవాణా నౌకల్లో వంటవాడిగా వెళ్లాలన్న ఆశ ఉంటే మంచిదే. అంతర్జాతీయ నిబంధన ప్రకారం పదిమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉండాల్సిన ఓడలో అర్హత ఉన్న కుక్ ఉండాలి. కానీ దానికి డీజీ షిప్పింగ్ (నౌకా రవాణాను చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) నిబంధనల ప్రకారం సర్టిఫికెట్, సీడీసీ (ఓడ సిబ్బందికిచ్చే గుర్తింపు, సర్వీసు పుస్తకం) తీసుకోవాలి. లక్షలు ఇస్తే ఓడ ఎక్కిస్తామనేవాళ్లు విశాఖలోనూ ఉన్నారు. ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడల్లో ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెన్సీలకిచ్చే లైసెన్సు) నంబరు అడగండి, డీజీ షిప్పింగ్ సైట్‌లో అది కనిపించకపోతే పైసా ఇవ్వొద్దు.

ప్లాటుకు అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆగిపోండి. ఇచ్చేసి ఉంటే రసీదు, అగ్రిమెంటు ఫోటోలు తీసి నాకు పంపండి. వాయిదాలు మొదలుకాకముందే ఎంత వెనక్కి రాబట్టొచ్చో చూద్దాం.