ప్రభుత్వం అంపైర్‌గా ఉంటే చాలు, మీ డబ్బుకు భాగస్వామిగా వద్దు

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో ఉద్యోగం. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్. మూడేళ్ల పాప ఉంది. ఖర్చులు పోను నెలకు రూ.30 వేలు మిగులుతాయి. నాన్నగారు విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. తన పొదుపులోంచి రూ.12 లక్షలు నాకిస్తానంటున్నారు. కాకపోతే ఆ సొమ్మంతా ప్రభుత్వరంగ సంస్థల షేర్లలోనే పెట్టాలని, పాప కోసం ఏడాదికి రూ.60 వేల ప్రీమియంతో ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపి ఉండేది) తీసుకోవాలని షరతు. ‘సర్కారు దగ్గర పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు’ అన్నది ఆయన మాట. మా ఆఫీసులో ఒకాయనేమో ప్రభుత్వం వేలు పెట్టిన చోట ఏదీ బాగుపడదని, ఒక రియల్ ఎస్టేట్ సంస్థ ప్రీలాంచ్ స్కీములో (ప్రాజెక్టు మొదలుకాకముందే డబ్బు తీసుకునే పథకం) నెలకు 2 శాతం వస్తోందని, అందులో పెట్టమని వెంటపడుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా సూటిగా చెప్పేస్తాను. రూ.12 లక్షలూ ప్రభుత్వరంగ షేర్లలో పెట్టకండి. ఎండోమెంట్ పాలసీ తీసుకోకండి. ప్రీలాంచ్ స్కీము వైపు అసలు తొంగి చూడకండి. ఎందుకో వివరంగా చెబుతాను. మీ ఇంట్లో జరుగుతున్న వాదన పైకి డబ్బు గురించే అయినా, లోపల ఉన్నది ప్రభుత్వం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న ప్రశ్న. అది తేల్చుకోకుండా పెట్టుబడి పెడితే మార్కెట్ ఒక్కసారి పడగానే మళ్లీ అదే వాదన మొదలవుతుంది.

నా అభిప్రాయం దాచుకోను. ప్రభుత్వం అంపైర్‌గా గట్టిగా నిలబడాలి. బ్యాటు పట్టుకుని తానే ఆడకూడదు. ఈ దేశంలో మధ్యతరగతి పొదుపు ఎక్కడ పెరిగింది, ఎక్కడ కరిగింది అని చూసినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే.

మీ నాన్నగారి నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు. పోస్టాఫీసు పథకాలకు, పీపీఎఫ్‌కు, సుకన్య సమృద్ధికి వెనక కేంద్ర ప్రభుత్వమే ఉంది. ఎల్ఐసీ పాలసీల బీమా మొత్తానికి, ప్రకటించిన బోనస్‌లకు ఎల్ఐసీ చట్టం 37వ సెక్షన్ కింద కేంద్రం హామీ ఉంది. బ్యాంకు డిపాజిట్ల మీద 2020 ఫిబ్రవరి నుంచి రూ.5 లక్షల దాకా బీమా ఉంది, అది ప్రైవేటు బ్యాంకుకూ వర్తిస్తుంది. ఇవన్నీ కాగితం మీద రాసి ఉన్న హామీలు. వీటిని నమ్మవచ్చు. చిక్కల్లా ‘ప్రభుత్వ సంస్థ’ అనగానే ‘ప్రభుత్వ హామీ’ అనుకోవడం దగ్గరే వస్తుంది.

నాన్నగారిని యూఎస్-64 గురించి అడగండి. ఆ తరంలో ఆ పేరు తెలియని ఉద్యోగి ఉండరు. ప్రభుత్వ ఆధ్వర్యంలోని మ్యూచువల్ ఫండ్ సంస్థ యూనిట్ ట్రస్ట్ 1964లో తెచ్చిన పథకం అది. కోటిమందికి పైగా చిన్న మదుపరులు సర్కారీ పథకమని భరోసాతో అందులో పొదుపు చేశారు. అందులో యూనిట్ ధరను మార్కెట్ నిర్ణయించేది కాదు, యూనిట్ ట్రస్టే ప్రకటించేది. లోపల ఉన్న షేర్ల అసలు విలువ ఎంతో బయటికి చెప్పేవారు కాదు. మిగతా మ్యూచువల్ ఫండ్లకు ఉన్న, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు దీనికి వర్తించేవి కావు, ఎందుకంటే దానికంటూ ప్రత్యేక చట్టం ఉండేది. 2001 జులైలో ఒక్కసారిగా కొనుగోళ్లు, అమ్మకాలు ఆపేశారు. అంతకు ముందు ఏప్రిల్, మే నెలల్లోనే పెద్ద కంపెనీలు వేల కోట్లు వెనక్కి తీసేసుకున్నాయి. పదవీ విరమణ సొమ్ము పెట్టుకున్నవాళ్లు మాత్రం లోపల ఇరుక్కుపోయారు. ఆ ఏడాది చివరికి లెక్క తేలిస్తే రూ.10 ముఖవిలువ ఉన్న యూనిట్ అసలు విలువ రూ.6 కంటే తక్కువే. చివరికి ప్రభుత్వం బాండ్లు ఇచ్చి సర్దింది. ఆ సర్దుబాటు భారం పడింది ఆ పథకంలో రూపాయి కూడా పెట్టని పన్ను చెల్లింపుదారుల మీద.

ఇక షేర్ల సంగతి. ప్రభుత్వరంగ కంపెనీల్లో సమర్థంగా నడిచేవి ఉన్నాయి, 2020 తర్వాత కొన్నేళ్లు వాటి షేర్లు బాగా పెరిగాయి కూడా. నేను చెప్పేది యాజమాన్యం గురించి. మీరు ఒక కంపెనీలో వాటా కొన్నారంటే, ఆ కంపెనీ లాభం కోసం నడుస్తుందన్న నమ్మకంతో కొంటారు. 51 శాతం ఉన్న యజమానికి బడ్జెట్ లోటు, ఎన్నికలు, సబ్సిడీలు లాంటి వేరే అవసరాలు ఉంటే మీ నమ్మకానికి విలువుండదు. 2018 జనవరిలో ప్రభుత్వ చమురు సంస్థ ఓఎన్‌జీసీ చేత మరో ప్రభుత్వ చమురు సంస్థ హెచ్‌పీసీఎల్‌లో ప్రభుత్వ వాటా కొనిపించారు, రూ.36,915 కోట్లకు. అప్పటిదాకా పెద్దగా అప్పుల్లేని ఓఎన్‌జీసీ ఆ కొనుగోలు కోసం అప్పు చేయాల్సి వచ్చింది. ప్రభుత్వ వాటాలు అమ్మి డబ్బు తెచ్చుకోవాలన్న (పెట్టుబడుల ఉపసంహరణ) ఖజానా లక్ష్యం నెరవేరింది. ఓఎన్‌జీసీ షేరు పట్టుకున్న చిన్న మదుపరిని అడిగినవారు లేరు.

ఇంకా దగ్గరగా చూడాలంటే ఆన్‌లైన్‌లో రైలు టికెట్లు అమ్మే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌సీటీసీ. 2021 అక్టోబరు 28 సాయంత్రం ఆ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. టికెట్ల మీద వచ్చే కన్వీనియెన్స్ ఫీజులో సగం నవంబరు 1 నుంచి రైల్వేకు ఇచ్చేయాలన్నది దాని సారాంశం. మర్నాడు ఉదయం షేరు దాదాపు నాలుగో వంతు పడిపోయింది. మధ్యాహ్నం కాకముందే ప్రభుత్వం ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది, షేరు మళ్లీ లేచింది. పొద్దున భయపడి అమ్ముకున్నవారి నష్టం మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. ఆ ఒక్క రోజులో కంపెనీ పనితీరులో ఏ మార్పూ లేదు. మారిందల్లా యజమాని మనసు. 2022 మేలో ఎల్ఐసీ షేరును రూ.949కి అమ్మినప్పుడు పాలసీదారులు క్యూ కట్టారు. లిస్టింగ్ రోజే అది ఆ ధర కంటే దిగువన మొదలైంది. సంస్థ మీద ఉన్న గౌరవాన్ని ధర మీద నమ్మకంగా మార్చుకుంటే జరిగేది అదే.

పన్నుల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. 2016 తర్వాత ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకుల్లోకి కేంద్రం రూ.3 లక్షల కోట్లకు పైగా మూలధనం పోసింది. ఆ బ్యాంకుల షేరు మీ దగ్గర లేకపోయినా ఆ ఖర్చులో మీ జీతంలోంచి కోసిన పన్ను ఉంది.

మరి ప్రభుత్వం వెనక్కి తగ్గిన చోట ఏం జరిగింది? 1992 దాకా ఒక కంపెనీ కొత్త షేర్లు జారీ చేయాలంటే ఎంత ధరకు అమ్మాలో ఢిల్లీలో ఒక అధికారి కార్యాలయం తేల్చేది. 1968 చట్టం ప్రకారం ఇంట్లో బంగారు బిస్కెట్ ఉంచుకోవడమే నేరం, 1990లో గానీ ఆ చట్టం పోలేదు. మన పి.వి.నరసింహారావు గారు ప్రధానిగా ఉండి పరిశ్రమల శాఖ కూడా తన దగ్గరే పెట్టుకుని, 1991 జులై 24న కొన్నిటికి తప్ప మిగతా పరిశ్రమలన్నిటికీ లైసెన్సు అక్కర్లేదనేశారు. మీరు ఈ రోజు పనిచేస్తున్న హైదరాబాద్ ఫార్మా రంగం విదేశీ మార్కెట్లలో పోటీపడే స్థాయికి ఎదగడానికి ఆ స్వేచ్ఛ కారణాల్లో ఒకటి. అంతకు ముప్ఫై ఏళ్ల ముందే, 1959లో, నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి.రంగా రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి ఇదే మాట చెప్పారు. అప్పుడు వినిపించుకున్నవారు తక్కువ.

బీమా సంగతి మీకు నేరుగా తగిలేది. 1956 నుంచి 2000 దాకా జీవిత బీమా అంటే ఒకే సంస్థ. పాలసీ అంటే ఎండోమెంటో, మధ్యమధ్యలో కొంత సొమ్ము తిరిగిచ్చే మనీబ్యాకో. రక్షణ, పొదుపు కలిపి కట్టేసి అమ్మడం వల్ల రక్షణ తక్కువ, రాబడి తక్కువ. పోటీ వచ్చాకే పొదుపు లేకుండా రక్షణ మాత్రమే ఇచ్చే టర్మ్ పాలసీలు జనంలోకి వెళ్లాయి, ఆన్‌లైన్‌లో నాలుగు సంస్థల ప్రీమియం పక్కపక్కన పెట్టి చూసుకునే రోజు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. మీరు కట్టబోయే ఎండోమెంట్‌లో సాధారణంగా 5, 6 శాతం మధ్యే గిట్టుబాటు అవుతుంది. పాప చదువు ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది. పైగా బీమా ఉండాల్సింది పాప మీద కాదు, సంపాదించే మీ మీద.

నాన్నగారికి ఇది చెప్పేటప్పుడు స్టీల్‌ప్లాంట్ మాట తప్పక వస్తుంది. తేలిగ్గా తీసేయకండి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ త్యాగం కర్మాగారం కోసం, ఉపాధి కోసం. ఒక మంత్రిత్వ శాఖ పెత్తనం కోసం కాదు. సొంత ఇనుప గని ఇవ్వకుండా దశాబ్దాల పాటు బయట ధరకు ఖనిజం కొనేలా చేసిందీ, 2021లో అమ్మేస్తామన్నదీ, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ ఒకే యజమాని. కొలిమి దగ్గర నిలబడి పనిచేసినవారి తప్పు ఇందులో లేదు. కష్టపడి పనిచేసినవారి భవిష్యత్తు ఢిల్లీలో మారే ఆలోచనల మీద ఆధారపడటమే నాకు బాధ కలిగించేది.

మీ ఆఫీసు మిత్రుడి దగ్గరికి వద్దాం. స్వేచ్ఛా మార్కెట్ అంటే ఎవరేం చెప్పినా నమ్మి డబ్బివ్వడం కాదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టర్ కాకుండా ఫ్లాట్లు అమ్మడం, ప్రకటన ఇవ్వడం చట్టవిరుద్ధం. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది. నెలకు 2 శాతమంటే ఏడాదికి 24. నిజంగా ప్రాజెక్టు ఉన్న బిల్డరుకు బ్యాంకు అందులో సగం వడ్డీకే అప్పు ఇస్తుంది. బ్యాంకు ఎందుకు ఇవ్వలేదో ఆలోచించండి. డిపాజిట్లు సేకరించి తిరిగి ఇవ్వలేకపోయిన అగ్రిగోల్డ్‌లో మన ఊళ్లలో లక్షల కుటుంబాలు ఎలా నలిగిపోయాయో మీకు తెలుసు. అక్కడ అంపైర్ సమయానికి రాలేదు. వచ్చిన చోట ఎలా ఉంటుందో సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపించింది. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడింది. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్తవారిని వేసింది, కంపెనీని తన చేతిలోకి తీసుకోలేదు. మూడు నెలల్లో వేలం జరిగి కొత్త యజమాని వచ్చాడు. షేరుదారులు నష్టపోయారు, కానీ వేల ఉద్యోగాలు నిలిచాయి. ఫండ్లలో చేరేటప్పుడు వసూలు చేసే ఎంట్రీ లోడ్‌ను సెబీ 2009 ఆగస్టులో తీసేసింది, 2013లో ఏజెంటు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు తెప్పించింది. మదుపరికి ఏటా మిగిలిన ఖర్చు చూస్తే అంపైర్ పని ఎంత విలువైనదో అర్థమవుతుంది. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని కోరేవారు కోర్టులు, సెబీ, రెరా ఇంకా బలంగా ఉండాలని కూడా కోరాలి.

ఇప్పుడు మీ డబ్బు. రూ.12 లక్షల్లో 3 లక్షలు అత్యవసర నిధిగా బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. 8 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే ఫండ్) వేసి, నెలకు రూ.50 వేల చొప్పున 16 నెలల్లో నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌కు (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించే ఫండ్) మార్చుకోండి. ఆ సూచీలో స్టేట్ బ్యాంక్, ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ లాంటివి వాటి పరిమాణాన్ని బట్టి ఎటూ ఉంటాయి. మిగిలిన లక్ష నాన్నగారి మాట కోసం ఆయనకు నచ్చిన ప్రభుత్వ సంస్థ షేర్లలో పెట్టండి. తండ్రి నుంచి వచ్చిన బహుమతి మీద మీకు పన్ను ఉండదు, బదిలీ మాత్రం బ్యాంకు ద్వారానే జరగాలి.

నెలవారీ రూ.30 వేలల్లో సుకన్యకు 5 వేలు. దాని వడ్డీ మొదట్లో 9 శాతం పైన ఉండేది, 2020లో 7.6కి దిగింది, 2024 జనవరిలో 8.2 చేశారు. అసలుకు హామీ ఉంది, వడ్డీ రేటు మారదన్న హామీ లేదు. 2021 మార్చి 31 రాత్రి పీపీఎఫ్ వడ్డీని 7.1 నుంచి 6.4కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చి తెల్లారేసరికి రద్దయింది. అందుకే మొత్తం ఇక్కడే పెట్టవద్దంటున్నాను. ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్‌కు 18 వేలు. మీ పేరున కోటిన్నర టర్మ్ పాలసీ, కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియాలకు పక్కన పెట్టింది పోను మిగిలేది ఇంటి డౌన్‌పేమెంట్ కోసం రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

ఒక్క విషయం నాన్నగారితో మీరే మాట్లాడండి. ఈ 12 లక్షలు ఇచ్చాక ఆయన చేతిలో ఎంత మిగులుతుంది? ఆయనకు, అమ్మగారికి నెలవారీ ఖర్చు ఎలా గడుస్తుంది? తక్కువ అనిపిస్తే బహుమతి సగానికి తగ్గించమనండి. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఒక్కొక్కరు రూ.30 లక్షల దాకా పెట్టవచ్చు, ఖాతా తెరిచిన రోజున్న వడ్డీ ఐదేళ్ల పాటు మారదు. 8.2 శాతం లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి రూ.61,500 ఖాతాలో పడుతుంది. కాగితం మీద సంతకంతో ప్రభుత్వం కట్టుబడే ఇలాంటి పథకం ఆయన వయసుకు సరిగ్గా సరిపోతుంది. నామినీగా అమ్మగారి పేరు ఉందో లేదో కూడా ఆ రోజే చూసి రండి.