బోరు నీటిలో గప్పీలు బతికాయి, టెట్రాలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మేము మధురవాడలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. రెండడుగుల అక్వేరియంలో గప్పీలను, నియాన్ టెట్రాలను కలిపి వేశాము. గప్పీలు పిల్లలు పెడుతూ హుషారుగా తిరుగుతున్నాయి గానీ, టెట్రాలు ఒక్కొక్కటిగా చనిపోతున్నాయి. బోరు నీటిని పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 360 మిల్లీగ్రాములని తేలింది. అడుగున బీచ్‌లో ఏరిన గవ్వలు పరిచాము. నీటిని మార్చాలా, చేపలను మార్చాలా? ఏంజెల్ చేపలను కలపవచ్చునా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: చేపలనే మార్చుకోండి. చేపల పెంపకందారులు కాఠిన్యాన్ని డిగ్రీలలో లెక్కిస్తారు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.9 మిల్లీగ్రాములు కనుక మీ బోరు నీరు 20 డిగ్రీల దగ్గర ఉంది. గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వార్డ్‌టెయిల్‌లు ఇటువంటి నీటిలో హాయిగా బతికి పిల్లలను పెడతాయి. నియాన్ టెట్రాల పుట్టిల్లు అమెజాన్ ప్రాంతపు వాగులు. అక్కడి నీటిలో కాఠిన్యానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం లవణాలు నామమాత్రంగానే ఉంటాయి. ఫారాల్లో పెరిగిన టెట్రాలు కొంత సర్దుకుంటాయి గానీ, 20 డిగ్రీలు వాటికి మరీ ఎక్కువ. అయితే నెపమంతా కాఠిన్యం మీదే వేయకుండా అమ్మోనియా పరీక్ష కూడా చేయండి. కఠిన జలంలో సాధారణంగా పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే కొలత) ఎక్కువగా ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది.

టెట్రాలను ఈ తొట్టి నుంచి తీసేస్తే గవ్వలను తీసివేయనవసరం లేదు. అవి కాల్షియం కార్బనేట్ కాబట్టి నీటిలో నెమ్మదిగా కరుగుతూ కాఠిన్యాన్ని పెంచగలవు. మోలీలకు దానివల్ల నష్టం లేదు, టెట్రాలు ఉండే తొట్టిలో మాత్రం ఒక్క గవ్వ కూడా ఉండరాదు. అలంకరణకు తెచ్చే రాళ్ల మీద కాస్త వెనిగర్ చుక్క వేసి చూడండి; బుసబుస పొంగితే అది కూడా సున్నపురాయి జాతిదే. ఇక వేసవిలో ఆవిరైపోయిన మేరకు బోరు నీళ్లే పోస్తూ ఉంటే కాఠిన్యం పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గినంత ఆర్వో నీరు పోసి, వారానికొకసారి నాలుగో వంతు నీటిని తీసి మార్చండి.

టెట్రాల మీద అంత మక్కువ ఉంటే వాటికి వేరే తొట్టి పెట్టి, ఒక వంతు బోరు నీటికి మూడు వంతుల ఆర్వో నీరు కలపండి. కాఠిన్యం దాదాపు 5 డిగ్రీలకు దిగుతుంది. ఆ పాళ్లను నీళ్లు మార్చిన ప్రతిసారీ తప్పక పాటించాలి, ఎందుకంటే ఒకసారి మెత్తని నీరు, మరొకసారి కఠిన జలం పోయడం చేపలకు స్థిరమైన కఠిన జలం కన్నా ప్రమాదకరం. ఒట్టి ఆర్వో నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు కనుక బోరు నీటిని పూర్తిగా మానవద్దు. స్నానాల గదికి బిగించే సాఫ్ట్‌నర్ నీరు ఇందుకు పనికిరాదు. అది కాల్షియం స్థానంలో సోడియం చేరుస్తుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు చూపే అంకెను కాఠిన్యంగా భావించకండి. సముద్రతీరంలోని బోర్లలో మామూలు ఉప్పు చేరినా ఆ అంకె పెరుగుతుంది. చుక్కలు లెక్కపెట్టి కాఠిన్యాన్ని కొలిచే కిట్ కొనుక్కోవడమే మేలు. మహానగరపాలక సంస్థ కుళాయి నీరు దొరికితే దాన్ని కూడా కొలవండి. జలాశయాల నీరు సాధారణంగా బోరు నీటి కన్నా మెత్తగా ఉంటుంది, అయితే ముందుగా క్లోరిన్ విరుగుడు మందు కలపాలి.

ఏంజెల్ చేపల ఆలోచన మానుకోండి. ఫారంలో పుట్టిన ఏంజెల్ ఓ మోస్తరు కాఠిన్యాన్ని ఓర్చుకుంటుంది గానీ, పెద్దదైతే గప్పీ పిల్లలనూ నియాన్ టెట్రాలనూ మింగేస్తుంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్‌లకు మీ నీరు బాగా సరిపోయినా, వాటి దూకుడుకు గప్పీలు నిలవవు. మీ తొట్టికి ప్లాటీలు, వాటితో ఆరేడు జీబ్రా డేనియోలు చాలు; ఈ డేనియోలు మన దేశపు చేపలే, నీటి విషయంలో పెద్దగా పేచీ పెట్టవు.