రాజీయా, సయోధ్యా?

సందేహం: పశ్చిమాఫ్రికా దేశమైన లైబీరియాలో యుద్ధం ఆగడానికి 2003లో అక్కడి స్త్రీలు చేసిన పోరాటం గురించి మా మహిళా సంఘం పత్రికకు వ్యాసం రాస్తున్నాను. యుద్ధం తర్వాత అక్కడ ఏర్పడిన కమిషన్‌ను ‘సత్యం, రాజీ కమిషన్’ అని రాశాను. ‘సయోధ్య’ అని మార్చమని ఒక మిత్రురాలు అంటున్నారు. రాజీ అంటే పల్లెల్లో కూడా అందరికీ అర్థమవుతుంది కదా, ఎందుకు మార్చాలి? అలాగే స్త్రీల గురించి చెప్పేటప్పుడు ‘సంతకం చేసింది’ అనాలా, ‘సంతకం చేశారు’ అనాలా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: మీ మిత్రురాలి సూచనే సరైనది. రాజీ అంటే పల్లెల్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇక్కడ ఆ మాట వద్దంటున్నాను.

ఇది అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాట. సమ్మతించిన, ఒప్పుకున్న అని దీని అర్థం. రాజీనామా అంటే మొదట సమ్మతిపత్రం, ఇప్పుడేమో పదవిని వదులుకుంటూ ఇచ్చే పత్రం. ఒప్పుకోవడంతో మొదలైన మాట వదులుకోవడం దగ్గరికి చేరింది. ‘రాజీపడని పోరాటం’, ‘రాజీపడని మనిషి’ అని మనం మెచ్చుకోలుగా అంటాం. రాజీపడటంలో ఎంతో కొంత ఓటమి ఉందన్న భావన ఆ పొగడ్త వెనుక ఉంది.

ఇంతకంటే బరువైన కారణం మరొకటి ఉంది. ఆడపిల్లపై అత్యాచారం జరిగితే పెద్దమనుషులు ఇరువైపులవారినీ కూర్చోబెట్టి, కొంత సొమ్ము ఇప్పించి, కేసు వెనక్కి తీసుకునేలా చేయడాన్ని ఏమంటారు? రాజీ చేశారంటారు. అత్యాచారం మన చట్టం ప్రకారం రాజీకి వీలులేని నేరం. అయినా ఆ పని జరుగుతూనే ఉంది, దాని పేరూ మారలేదు. అందులో రాజీపడేది ఎవరో, ఎవరి సమ్మతిని ఎవరు అడిగారో మీ పత్రిక చదివే స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు. యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీల గోడు కూడా వినవలసిన కమిషన్‌కు ఆ పేరు పెడితే వాళ్ల మనసులో మొదట మెదిలేది ఈ పెద్దమనుషుల పంచాయితీయే.

లైబీరియా విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ 1989 నుంచి 2003 వరకు, మధ్యలో కొంత విరామంతో, రెండు అంతర్యుద్ధాలు జరిగాయి. దాదాపు రెండున్నర లక్షల మంది చనిపోయారని అంచనా. 2005లో చేసిన చట్టంతో సత్యశోధన కమిషన్ ఏర్పడింది. తొమ్మిదిమంది సభ్యుల్లో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. 2009లో ఇచ్చిన నివేదికలో కమిషన్ నేరాలను రెండు రకాలుగా విడదీసింది. ఘోరమైన నేరాలను ప్రత్యేక న్యాయస్థానం విచారించాలి. చిన్నపాటి తప్పులను ‘పలావా గుడిసె’లో, అంటే ఊరివారంతా గుమిగూడి తగవు తీర్చుకునే సంప్రదాయ వేదికలో, మాట్లాడి చక్కదిద్దుకోవచ్చు. మన రచ్చబండ లాంటిదే అది. అక్కడ కూడా పెద్దరికం ఎక్కువగా మగవారిదే. గుడిసెలో తేల్చుకోదగినది ఏది, కోర్టుకు వెళ్లి తీరవలసినది ఏది అన్న గీత అక్కడి స్త్రీలకు ప్రాణంతో సమానం. ప్రత్యేక న్యాయస్థానం కోసం ఒక కార్యాలయాన్ని నెలకొల్పే ఉత్తర్వుపై అధ్యక్షుడు జోసెఫ్ బోకాయ్ సంతకం చేసింది 2024 మేలో, నివేదిక వచ్చిన పదిహేనేళ్లకు. అన్నిటినీ కలిపి ‘రాజీ’ అన్నామంటే ఆ గీతను మన చేత్తో మనమే చెరిపేసినట్టు.

మరి ‘సంధి’ అనవచ్చు కదా అని కొందరు అడుగుతారు. అనవచ్చు, కానీ పోరు ఆపిన ఒప్పందం వరకే. సంధి రాజ్యాల మధ్య, సేనల మధ్య కుదిరేది. భారతం ఉద్యోగపర్వంలో పాండవులు ఐదూళ్లిచ్చినా చాలని సంధికి మొగ్గినప్పుడు, రాయబారానికి వెళ్లబోతున్న కృష్ణుడికి ద్రౌపది దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన తన జుట్టును చూపిస్తుంది. సంధి మాటలు మాట్లాడేటప్పుడు దీన్ని తలచుకొమ్మంటుంది. తిక్కన తెలుగులో ఆ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది: ఊళ్ల లెక్క తేలుస్తున్న ఆ చర్చలో ఆమెకు జరిగిన అవమానానికి చోటు లేదు. అడిగి చోటు సంపాదించుకోవలసి వచ్చింది. ఆమె కోరింది యుద్ధం కాబట్టి పోలిక అంతవరకే. కానీ సంధికీ సయోధ్యకూ మధ్య ఉన్న దూరం అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

సయోధ్య ‘కుదురుతుంది’, లేదా ఎవరైనా ‘కుదురుస్తారు’. ‘ఆ అన్నదమ్ముల మధ్య సయోధ్య లేదు’ అంటాం. ఎవరో ఒకరు తగ్గారన్న సూచన ఆ మాటలో లేదు. తెగిన సంబంధం మళ్లీ నిలవడమే దాని అర్థం. పత్రికలు బాగా వాడటం వల్ల అది పల్లెలకూ కొత్త కాదు. తెలుగు క్రైస్తవులకు ఇదే అర్థంలో ‘సమాధానపడటం’, ‘సమాధానపరచడం’ అన్న చక్కని మాటలున్నాయి. ‘సమాధానపరచువారు ధన్యులు’ అన్న వాక్యం వారికి కంఠస్థం. అయితే మిగిలిన పాఠకులకు సమాధానమంటే జవాబే కనుక, సాధారణ పత్రికలో సయోధ్యే మేలు. మీ వ్యాసంలో ‘సత్యం, సయోధ్యల కమిషన్’ అని రాయండి.

ఇదే సందర్భంలో ‘బాధిత కుటుంబాలు’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికాలో 1996లో ఇలాంటి కమిషన్ ముందుకు వచ్చిన స్త్రీలలో చాలామంది తమ భర్తలకు, కొడుకులకు జరిగిన ఘోరాల గురించే చెప్పారు. తమకు జరిగినదాన్ని చెప్పుకోలేదు. పరిశోధకులు, కార్యకర్తలు ఆ సంగతి ఎత్తిచూపాక స్త్రీల కోసం ప్రత్యేక విచారణలు జరిపారు. మన వార్తల్లో ‘బాధిత కుటుంబం’ అనగానే ఆ స్త్రీ హతుడి భార్యగానో తల్లిగానో మిగిలిపోతుంది. ఆమే బాధితురాలైనప్పుడు ఆ మాటే రాయండి. ‘అతని భార్య’ అనడంతో సరిపెట్టవద్దు.

ఇక మీ రెండో ప్రశ్న. చిన్నయసూరి స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను మినహాయించి మిగిలినవాటిని ‘మహత్తులు’, అంటే ఏకవచనంలో ‘వచ్చాడు’ వంటి క్రియ తీసుకునేవి, అన్నాడు. అందుకే ఏకవచనంలో ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’, ‘అక్క వచ్చింది’ అన్నిటికీ క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో సమానంగా ‘వచ్చారు’. వ్యాకరణం ఇలా ఉంది కాబట్టి ‘చేసింది’ అనడం తప్పు కాదు. అసలు చిక్కు ‘ఆమె’తో వస్తుంది. ‘ఆయన’ అన్నాక ‘చేశారు’ అని రాస్తాం. ‘ఆమె’ అన్నాక మాత్రం ‘చేసింది’, ‘చేశారు’ రెండూ చెల్లుతున్నాయి. దానివల్ల ఒకే వార్తలో ‘టేలర్ ప్రకటించారు’, ‘గ్బోవీ హెచ్చరించింది’ అని వచ్చేస్తుంది. చార్లెస్ టేలర్ యుద్ధం నడిపిన అధ్యక్షుడు. లేమా గ్బోవీ తెల్లదుస్తులు ధరించిన క్రైస్తవ, ముస్లిం స్త్రీలను లైబీరియా రాజధాని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర రోజుల తరబడి కూర్చోబెట్టిన మనిషి. 2003 జూలైలో ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు సాగకపోతే, ప్రతినిధులు బయటికి రాకుండా సభామందిరం ద్వారానికి అడ్డంగా స్త్రీలను కూర్చోబెట్టిన మనిషి. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గౌరవం టేలర్‌కు ఇచ్చి ఆమెకు ఇవ్వకపోవడాన్ని నేను ఒప్పుకోలేను. ఒక వ్యాసంలో ఇద్దరికీ ఒకే స్థాయి క్రియ వాడండి. అందరికీ ‘చేశారు’ అనడం సులువైన దారి.

సంతకం మాట ఎత్తారు కాబట్టి ఒక తేడా గమనించండి. 2003 ఆగస్టు 18న అక్రాలో కుదిరిన శాంతి ఒప్పందంపై, లైబీరియా, దాని పొరుగు దేశాల స్త్రీలు కలిసి నడిపే మనో నది ప్రాంత స్త్రీల శాంతి సంఘం సంతకం చేసింది, అయితే సాక్షిగా. 2014 మార్చి 27న ఫిలిప్పీన్స్‌లో ముస్లిం తిరుగుబాటుదారులతో కుదిరిన బంగ్సమొరో శాంతి ఒప్పందంపై ప్రభుత్వ చర్చల బృందం అధినేత్రిగా మిరియం కొరొనెల్ ఫెరర్ సంతకం చేశారు, ఒప్పందం కుదుర్చుకున్న ఒక పక్షం తరఫున. దస్తావేజులు రాయించుకున్న ప్రతి తెలుగువారికీ సాక్షి సంతకానికీ హక్కుదారు సంతకానికీ తేడా తెలుసు. సాక్షికి ఆ ఆస్తిలో వాటా లేదు. కాబట్టి ‘స్త్రీలు ఒప్పందంపై సంతకం చేశారు’ అని ఊరుకోకుండా ఏ హోదాలో చేశారో అదే వాక్యంలో చెప్పండి.

సంఘం పేరు కర్త అయినప్పుడు ‘సంఘం సంతకం చేసింది’ అనే రాయాలి. అక్కడ ‘చేశారు’ అనడం తప్పు. కర్తను మార్చి ‘సంఘం ప్రతినిధులు’ అంటే ‘చేశారు’ సరిపోతుంది.