మేజోళ్ళకు సూదులు కొనబోయే ముందు

రాయగడ

చిరంజీవి చిన్నమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పొట్టంగిలో అప్పుడే చలి ముదిరిందనీ, పొద్దున్నే బడికి వెళ్ళేసరికి కాళ్ళు కొయ్యబారిపోతున్నాయనీ రాశావు. దేవమాలి కొండ పక్కనే ఉన్నావు కదమ్మా, 1,672 మీటర్లు, ఒడిశా మొత్తానికి ఎత్తయిన కొండ అదే. మేం సునాబెడలో ఉన్న రోజుల్లో పుష్యమాసం వచ్చిందంటే మంచం మీంచి కాలు కింద పెట్టబుద్ధయ్యేది కాదు. మేజోళ్ళు నువ్వే అల్లుకుంటానన్నావని చదివి ఎంత సంతోషపడ్డానో! స్వెటర్ వచ్చు కాబట్టి సగం పని వచ్చినట్టే. సూదుల దగ్గర మాత్రం తొందరపడకు. బాగా అల్లేవాళ్ళు కూడా సూదులు కుదరక మొదటి మేజోడు మడమ దాకా వచ్చి మానేయడం కళ్ళారా చూశాను.

ముందు నంబర్ల సంగతి. మన కొట్లలో దొరికే సూదుల మీద ఉండేది పాత ఇంగ్లీషు నంబర్. తీగ మందం కొలిచే గేజి నుంచి వచ్చిన లెక్క అది, అందుకే నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 14 అంటే 2 మిల్లీమీటర్లు, 13 అంటే 2.25, 12 అంటే 2.75, 11 అంటే 3. నువ్వు ఫోన్లో చూసే అమెరికా నమూనాల్లో ఇది తలకిందులు. వాళ్ళ 0 మన 14, వాళ్ళ 1 మన 13, వాళ్ళ 2 మన 12. కాబట్టి కొట్లో నంబర్ చెప్పకు, మిల్లీమీటర్లు అడుగు.

నేను నేర్చుకున్నది సైకిల్ పుల్లల మీద. అప్పట్లో మేజోళ్ళని గుండ్రంగా అల్లే రెండు మొనల సూదులు ఈ చుట్టుపక్కల దొరికేవి కావు. మీ పెదనాన్న పాత చక్రం విప్పి నాలుగు పుల్లలు తీసి, వంపు ఉన్న కొసా మర ఉన్న కొసా కోయించి తెచ్చారు. పెరట్లో గచ్చు మీద నీళ్ళు చల్లుకుంటూ రెండు వైపులా మొనలు నూరాను, ఆపైన సాండ్ పేపర్ పట్టాను. మామూలు సైకిల్ పుల్ల 14 గేజి, సరిగ్గా 2 మిల్లీమీటర్లే, అందుకని కొలత బాగానే కుదిరింది. పక్క క్వార్టర్ పంజాబీ ఆవిడ పక్కన కూర్చుని సీదా (నేరు కుట్టు), ఉల్టా (తిరగ కుట్టు) అంటూ చెయ్యి పట్టి నేర్పింది. కానీ ఒక వానాకాలం గడిచేసరికి నూరిన చోట పూత లేచి తుప్పు పట్టింది, మీ పెదనాన్న కోసం అల్లుతున్న తెల్ల ఊలు మీద చుట్టు చుట్టుకీ నల్లటి చార పడింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఎవరైనా పుల్లలతో చేసుకోమంటే ఒప్పుకోకు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

ఏ సైజు కొనాలన్నది అసలు ప్రశ్న. స్వెటర్‌కి మెత్తదనం కావాలి, మేజోడుకి గట్టిదనం కావాలి. చెప్పులోనో బూటులోనో రోజంతా రాసుకునే బట్ట అది, అల్లిక వదులైతే నెల తిరక్కుండా మడమ దగ్గర చిల్లు పడుతుంది. స్వెటర్‌కి 10 నంబర్ మీద అల్లే సన్న ఊలునే మేజోళ్ళకి 13 మీద అల్లాలి. 10 సెంటీమీటర్లకి 30 నుంచి 32 కుట్లు రావాలి. అల్లిన ముక్కని వేళ్ళ మీద సాగదీసి వెలుతురుకి పట్టు, సందుల్లోంచి చర్మం కనిపించిందంటే ఒక సైజు సన్నది తీసుకో. చెయ్యి వదులుగా పట్టేవాళ్ళు 14కి వెళ్ళాల్సి వస్తుంది, బిగువుగా పట్టేవాళ్ళకి 12 సరిపోతుంది. నీది బిగుతు చెయ్యి, నువ్వు అల్లిన టోపీ చూశాను. అయినా 13, 12 రెండూ కొను. మచ్చు ముక్క మాత్రం గుండ్రంగానే అల్లి చూడు. అడ్డంగా, అటూ ఇటూ తిప్పుతూ అల్లితే ఒక వరస సీదా, ఒక వరస ఉల్టా వస్తాయి, ఉల్టా వరస చాలామందికి కాస్త వదులు, లెక్క తప్పుతుంది.

కుట్ల లెక్క తేలికే. పాదం వెడల్పు దగ్గర టేపు చుట్టు. 22 సెంటీమీటర్లు వచ్చిందనుకో, పదో వంతు తగ్గించు, ఇంచుమించు 20. మేజోడు కాస్త సాగి పట్టుకోవాలి కదా. సెంటీమీటరుకి 3 కుట్ల చొప్పున 60.

ఇప్పుడు నా పట్టుదల ఒకటుంది, విను. నాలుగు సూదుల సెట్టు కొనకు, ఐదు సూదులది కొను. నేను నాలుగింటి మీదే చాలా ఏళ్ళు అల్లాను. మూడు సూదుల మీద కుట్లు, నాలుగోది చేతిలో. ఒక చలికాలం స్వెటర్లు అమ్మడానికి వచ్చిన టిబెట్ ఆవిడ రోడ్డు పక్క స్టూలు మీద కూర్చుని ఐదు సూదులతో మేజోడు అల్లుతుంటే నిలబడిపోయి చూశాను. నావాటి మీద నిలువునా నిచ్చెన మెట్లలా సందులు పడేవి, ఆవిడ అల్లికలో ఒక్కటీ లేదు. మూడు సూదులు త్రికోణంలా కూర్చుంటాయి, మూలల దగ్గర దారం బాగా లాగినట్టవుతుంది. నాలుగింటి మీద అదే చతురస్రం, మూల అంత వాడిగా ఉండదు. సూది మారినప్పుడల్లా మొదటి కుట్టు వేసి, రెండోది వేశాక దారం ఒక్కసారి బిగించు. మడమ దగ్గర కూడా ఐదే సుఖం. 60 కుట్లలో సగం మడమకి రెండు సూదుల మీద, సగం పాదం పైభాగానికి రెండు సూదుల మీద ఉంటాయి, ఏది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

పొడవు 15 సెంటీమీటర్లది తీసుకో. ఒక్కో సూది మీద 15 కుట్లు అంటే 5 సెంటీమీటర్లు, అటు 5, ఇటు 5 మిగులుతుంది. 20 సెంటీమీటర్లవి చేతుల్లో ఒకదానికొకటి తగులుతూ స్వెటర్ చేతిలో దూరిపోతాయి. గ్లవ్స్ వేళ్ళకి వాడే పొట్టివి ఉంటాయి, అవి అరచేతిలో గుచ్చుకుంటాయి.

వెదురా, లోహమా అన్నావు. అది ఊలుని బట్టి. వెదురు కుట్టుని పట్టి ఉంచుతుంది, మధ్యలో పిల్లలెవరో పిలిస్తే కింద పెట్టి లేచినా సూది జారి పడదు. అందుకే మొదటి జతకి నీకు వెదురే చెబుతాను. కానీ జయపురంలో, సిమిలిగుడలో ఎక్కువగా దొరికేది ఆక్రిలిక్ ఊలు. అది వెదురు మీద కీచుమంటూ కదలదు, దానికి అల్యూమినియమో స్టీలో మేలు. నా మాట వింటే ఆక్రిలిక్ మేజోళ్ళకి వద్దు, చెమట పీల్చదు. 75 శాతం ఊలు, 25 శాతం నైలాన్ కలిసిన దారం తెప్పించుకో, నైలాన్ ఉంటే మడమ తొందరగా అరగదు. వంద గ్రాముల ఉండలో 400 మీటర్ల దాకా ఉంటుంది, ఒక జతకి చాలు. ‘పోనీ’ (Pony) అనే కంపెనీ వాళ్ళ అల్యూమినియంవీ, రాజస్థాన్ జైపూర్‌లో తయారయ్యే నిట్‌ప్రో కర్రవీ నేను వాడాను, రెండూ బాగున్నాయి. సన్న వెదురు విరుగుతుందని మాత్రం గుర్తుంచుకో. ఒకసారి సోఫా మీద వదిలేసిన 14 నంబర్‌ది నా చేతి కిందే పుటుక్కుమంది, సగం మడమ ఊడదీయాల్సి వచ్చింది. ఐదో సూది అప్పుడు ప్రాణం నిలబెట్టింది, మిగతాది నాలుగింటితో ముగించాను.

కొనేటప్పుడు ప్రతి సూదినీ గాజు బల్ల మీద దొర్లించి చూడు, వంకరుంటే ఎగిరెగిరి పడుతుంది. మొన మీద గోరు రాయి, గరుకు తగిలితే దారం పీచులు లేస్తాయి. మొన మరీ వాడిగా ఉన్నా దారం పోగుల మధ్య దిగిపోతుంది. రెండు సూదుల్ని కలిపే పొడుగాటి కేబుల్ ఉన్న సూదితో మెలిక పెట్టి మేజోడు అల్లే పద్ధతీ ఉంది, కొందరికి అదే ఇష్టం. అది రెండో జతకి చూద్దాం.

వచ్చే ఆదివారం అన్నయ్య హీరాఖండ్ రైల్లో కోరాపుట్ వస్తున్నాడు, నా 13 నంబర్ వెదురు సెట్టు వాడితో పంపుతున్నాను. ఐదూ నా చేతికి అలవాటుపడి కాస్త వంగి ఉంటాయి, భయపడకు, అల్లికకి తేడా రాదు. కొసలకి పెన్సిల్ రబ్బరు ముక్కలు గుచ్చాను, తీసి పారేయకు, కుట్లు జారకుండా అవే కాపాడతాయి. పాదం చుట్టుకొలత, మడమ నుంచి బొటనవేలి దాకా పొడవు రాసి వాడి చేతే పంపించు. నీవి వచ్చాక నావి తిరిగి ఇచ్చెయ్యి, మీ పెదనాన్నకి ఇంకో జత మొదలుపెట్టాలి.

మీ పెద్దమ్మ