మామిడి జీడి పొడితో కాలి పుండు మానుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం. వయసు 54. పదేళ్లుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నాను. నెల నుంచి పరగడుపున రెండు స్పూన్లు నేరేడు గింజల పొడి తాగుతున్నాను. తెల్లవారుజామున కాస్త చెమట, వణుకు తప్ప బాగానే ఉన్నాను. బొటనవేలి కింద పుండు లేచి మూడు వారాలైంది, నొప్పి లేదు. మామిడి జీడి క్రిముల్ని చంపుతుందని విని పొడి అద్దుతున్నాను. ఈ గింజల్లో పోషకాలేముంటాయి? సీతాఫలం గింజలు కూడా వాడొచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: పోషకాల మాట తర్వాత. ముందు ఆ పుండు చూపించుకోండమ్మా, రేపే.

నొప్పి లేదని మీరు ధీమాగా ఉన్నారు. నాకు కంగారు పుట్టిస్తున్నది అదే. పదేళ్ల షుగరులో పాదాల నరాలు మొద్దుబారతాయి, చెప్పు కరిచినా తెలియదు. మూడు వారాలు మానలేదంటే ఎముక దాకా పోయిందేమో చూడాలి. సలాకతో లోతు చూసి, ఎక్స్‌రే తీసి, పాదంలో నాడి పట్టి చూస్తేగానీ ఏమీ చెప్పలేం. ఇన్నాళ్లు ఆగాల్సింది కాదు.

మామిడి జీడిలో టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు), గాలిక్ ఆమ్లం ఉన్నాయి. దాని సారాన్ని కాగితపు బిళ్లకు పట్టించి ల్యాబు ప్లేటులో పెడితే చుట్టూ స్టెఫైలోకాకస్ అనే చీము పట్టించే క్రిమి పెరగని మాట నిజమే. మీ పాదంలో అలా జరగదు. టానిన్లు పుండులోని ప్రొటీన్లను పట్టుకుని పెచ్చు కడతాయి. పైకి ఎండినట్టుంటుంది, చీముకు బయటికి దారిలేక లోపలికి పాకుతుంది. పైగా ఇంట్లో దంచిన పొడి, అందులో ఏ బూజు ఉందో!

పొడి ఆపేయండి. సెలైన్‌తో కడిగి శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. వేడినీళ్లలో కాలు పెట్టొద్దు, ఆ కాలిమీద బరువు వేయొద్దు. మెడికల్ షాపులో అడిగి రెండ్రోజుల యాంటీబయాటిక్ మింగేసి రావొద్దు, పుండులోని క్రిమిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్షలో అసలు క్రిమి దొరకదు. జ్వరం, దుర్వాసన, నలుపు, లేదా పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటితే అర్ధరాత్రయినా సరే, చిత్తూరు జిల్లా ఆసుపత్రికో, తిరుపతి రుయాకో వెళ్లండి.

ఇక ఆ చెమట, వణుకు. షుగరు పడిపోతోందేమోనని అనుమానం. గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తుంది, కిడ్నీలు నెమ్మదిస్తే ఒంట్లో నిలిచిపోతుంది. నేరేడు గింజల పొడి దానికి తోడైతే ఎంత తగ్గిస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఆయుర్వేదంలో చెప్పే మోతాదే రోజుకు 3 నుంచి 6 గ్రాములు, మీ రెండు స్పూన్లు నిండుగా ఉంటే అది దాటినట్టే. వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 లోపు ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఏదైనా తినండి. నేరేడు పొడి మానేయండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) చూసి మీ డాక్టరు మోతాదు సరిచేస్తారు.

సీతాఫలం గింజల జోలికి పోవద్దు. వాటిలోని ఎసిటోజెనిన్లు విషపదార్థాలు. పేలకని తలకు పట్టించిన పొడి కంట్లో పడి నల్లగుడ్డు పైపొర ఒలిచిపోయిన కేసులున్నాయి. పడితే వెంటనే ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మీరడిగిన పోషకాలు: మామిడి జీడిలో ఎక్కువ భాగం పిండిపదార్థమే, కొంచెం కొవ్వు, కొంచెం ప్రొటీన్. షుగరు ఉన్నవాళ్లకు దానికంటే గుప్పెడు వేరుశనగలు మేలు. నేరేడు గింజల్లోనూ టానిన్లే ఎక్కువ, అవి తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్టలు, పొడి డబ్బా, షుగరు చీటీలు వెంట తీసుకెళ్లండి.